వెనక గోడ లెక్క

(స్వర్ణోత్సవాల సన్నాహక సభలో 1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి ఒకరు, వృత్తిరీత్యా స్ట్రక్చరల్ ఇంజనీరు, చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్ళు నన్ను 'ఇంజనీరుగా నా ప్రయాణం' మీద ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. నిజం చెప్పాలంటే ఆ ప్రయాణం పెద్దదేం కాదు. బోరబండలో ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీలో దిగడం. మధ్యలో ఇంకో స్టేషను కూడా లేదు. అందుకని ఆ సంగతి వదిలేసి, ఈ రోజు ఎజెండాలో మూడో అంశం మీద మాట్లాడతాను. అధ్యక్షుల వారు క్షమించాలి. ఆ అంశం మీద ఇంకాసేపట్లో చేతులెత్తబోతున్నాం కాబట్టి ఇప్పుడే చెప్పాలి.

మూడో అంశం ఏమిటో అందరికీ తెలుసు. వానాకాలంలో గ్రౌండులో నీళ్ళు నిలుస్తున్నాయి. పిల్లలు ఆడుకోలేకపోతున్నారు. స్వర్ణోత్సవ కానుకగా గ్రౌండును రెండడుగులు మొరంతో నింపి చదును చేద్దామని, దాంతోపాటు వెనక ప్రహరీ గోడను ఇంకో రెండడుగులు లేపుదామని ప్రతిపాదన. మంచి మనసుతో చేసిన ప్రతిపాదనే. చందాలు కూడా వచ్చేశాయి. నేనూ ఇచ్చాను. ఇచ్చిన తర్వాతే పోయి గోడ చూశాను. అది నా తప్పు.

గోడ తొమ్మిది అంగుళాల ఇటుక గోడ. దాని అవతల సందు ఉంది. సందు మన గ్రౌండు కంటే నాలుగడుగులు కిందికి ఉంటుంది. మన బోరబండంతా అంతే కదా, ఒక ఇంటి గడప ఇంకో ఇంటి స్లాబుతో సమానంగా ఉంటుంది. అంటే మనం 'ప్రహరీ గోడ' అంటున్నది సందు వైపు నుంచి చూస్తే ప్రహరీ గోడ కాదు. నాలుగడుగుల మట్టిని ఆపుతున్న గోడ. ప్రహరీకి గాలి ఒక్కటే బరువు. మట్టిని ఆపే గోడ పని వేరు.

మీలో చాలామంది నాతో అన్నమాట ఇది: "ఉన్నది నాలుగడుగులు. ఇంకో రెండడుగులే కదా. సగం పెరుగుతుంది. గోడకు కొంచెం సిమెంటు పూత వేస్తే సరిపోదా?" ఈ 'సగమే కదా' అన్నదాని గురించే నేను చెప్పదలచుకున్నది.

మన ఫిజిక్స్ సార్ ముందు వరసలో ఉన్నారు. తొమ్మిదో తరగతిలో సార్ ఒక చెక్క స్కేలును బల్ల అంచు మీద పెట్టి, ఒక కొసను అరచేత్తో అదిమి, రెండో కొసకు బీరువా తాళం వేలాడదీశారు. స్కేలు వంగింది. ఎంత వంగిందో గోడ మీద చాక్‌పీసుతో గీత గీశారు. తర్వాత బయటికి ఉన్న భాగాన్ని సగం చేశారు. "వంగుడు సగం అవుతుందా?" అని అడిగారు. అందరం అవుతుందన్నాం. కాలేదు. ఎనిమిదో వంతు అయింది. ఆ తర్వాత అదే స్కేలును పక్కకు తిప్పి, అంచు మీద నిలబెట్టి పట్టుకున్నారు. తాళం వేలాడింది గానీ స్కేలు కదిలినట్టే కనబడలేదు. ముప్పై మిల్లీమీటర్ల వెడల్పు, మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న స్కేలును పడుకోబెడితే ఎంత వంగుతుందో, నిలబెడితే అందులో నూరో వంతే వంగుతుంది. అదే చెక్క, అదే బరువు. మారింది తిప్పిన తీరు ఒక్కటే.

గోడ కూడా ఆ స్కేలే. కింద పునాదిలో బిగించి ఉంటుంది, పైన వదిలేసి ఉంటుంది. పక్కనుంచి తోస్తే అది ఎంత వంగుతుందనేది, దాన్ని మా భాషలో డిఫ్లెక్షన్ అంటాం, దాని కొలతల మీద ఉంటుంది. కానీ అన్ని కొలతలకూ సమాన హక్కు లేదు. మందం ఘనంగా పనిచేస్తుంది. నాలుగున్నర అంగుళాల గోడను తొమ్మిది అంగుళాలు చేస్తే ఇటుకలు రెండింతలే, గట్టితనం ఎనిమిదింతలు. ఇది మనకు లాభం. ఎత్తు దగ్గరికి వస్తే లెక్క తిరగబడుతుంది. ఎత్తంతా ఒకేలా తోసే గాలి లాంటి బరువుకైతే వంగుడు ఎత్తు నాలుగో ఘాతంగా పెరుగుతుంది. మట్టి ఇంకా మొండిది. లోతు పెరిగేకొద్దీ అది తోసే బలమే పెరుగుతుంది. కాబట్టి మట్టిని ఆపే గోడ పైకొస దగ్గర వంగుడు, ఆపుతున్న ఎత్తు ఐదో ఘాతంగా పెరుగుతుంది.

మన గోడకే వేసి చూద్దాం. లెక్కల టీచర్ కూడా ఉన్నారు, తప్పయితే ఆపండి. నాలుగు అడుగులు ఆరడుగులు అవుతోంది. ఒకటిన్నర రెట్లు. ఒకటిన్నరను ఐదుసార్లు గుణిస్తే ఏడున్నర పైమాట. అంటే మనం వేసేది సగం ఎక్కువ మట్టి, గోడకు వచ్చేది ఏడున్నర రెట్ల వంగుడు. దీన్ని పాత స్థాయిలోనే ఉంచాలంటే మందం ఎంత కావాలి? రమారమి రెట్టింపు. తొమ్మిది అంగుళాల గోడ పద్దెనిమిది అంగుళాల గోడ కావాలి, అదీ కిందినుంచి. పైన రెండడుగులు కొత్త ఇటుక పేరిస్తే కింద మందం మారదు కదా. పైన పెట్టిన ఇటుక మట్టిని ఆపడానికి ఒక్క పిసరు కూడా సాయం చేయదు. వంగేది కింది గోడ.

ఇప్పుడు తోపుడు బలం చూడండి. మామూలు పొడి మొరం అనుకుంటే, నాలుగడుగుల ఎత్తుకు గజం పొడవు గోడ మీద పడేది 400 కిలోలకు కొంచెం ఎక్కువ. ఆరడుగులకు 900 దాటుతుంది. గోడ వెనక నీళ్ళు నిండితే మట్టి తోపుడుకు నీళ్ళ తోపుడు కలిసి రెండు టన్నులు అవుతుంది. గజానికి రెండు టన్నులు. మన వెనక గోడకు నీళ్ళు పోవడానికి ఒక్క పైపు కూడా పెట్టలేదు. గ్రౌండులో నీళ్ళు ఎందుకు నిలుస్తున్నాయో ఇందులోనే కొంత జవాబు ఉంది.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. పోయిన ఆదివారం దారానికి గుండు కట్టుకుని పోయి గోడను కొలిచాను. పైకొస సందు వైపుకు అంగుళంపావు ఒరిగి ఉంది. కానీ ఇందాక చెప్పిన సూత్రంతో నాలుగడుగుల మట్టికి ఎంత వంగాలో లెక్కిస్తే పావు మిల్లీమీటరు కూడా రాదు. మరి మిగిలిన అంగుళంపావు ఎక్కడిది? అసలు భయం అక్కడుంది. ఇటుక గోడను నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది. లాగితే ఓర్చుకోదు. ఇటుకా సిమెంటూ కలిసే చోట లాగుడుకు బలం దాదాపు లేదనే లెక్క వేసుకుంటాం. మట్టి తోసినప్పుడు గోడకు గ్రౌండు వైపు ముఖం మీద లాగుడు పడుతుంది. అక్కడ సన్నటి పగులు వస్తుంది. పగులు వచ్చిన చోట తొమ్మిది అంగుళాలు ఇక తొమ్మిది కావు. ఆరో, ఐదో. మందం ఘనం అన్నాను కదా, ఆరు అంగుళాల ఘనం తొమ్మిది ఘనంలో మూడో వంతు కూడా ఉండదు. దాంతో ఇంకొంచెం వంగుతుంది, ఇంకొంచెం పగులుతుంది. ఒరిగిన గోడ బరువు కూడా అవతలికే పడుతుంది. దీనికి తోడు పునాది కింద తడిసిన మట్టి అణిగి, గోడ మొత్తం పాదం దగ్గర తిరుగుతుంది. ఆ పగులు మట్టి వైపు ఉంటుంది కాబట్టి మనకు కనబడదు. కనబడేది ఒరుగుడు ఒక్కటే.

"ఇన్నేళ్ళు నిలబడింది కదా" అని ఎవరో వెనకనుంచి అన్నారు. మంచి ప్రశ్న. నేను కూడా అదే అడిగేవాణ్ణి, నాకు మొరం గురించి తెలియకపోతే. ఎండాకాలంలో మన దగ్గర మొరం గుంత తవ్వితే చూశారా, గోడ లేకుండానే నిటారుగా నిలబడుతుంది. పారకు కూడా లొంగదు. అంటే ఏడాదిలో చాలా నెలలు ఆ మట్టి తనను తానే ఆపుకుంటోంది. మన గోడ పక్కన ఊరికే నిలబడి ఉంది. మూడు రోజులు ముసురు పట్టి, మొరం నాని, పట్టు వదిలిన రాత్రి గోడకు మొదటిసారి పని పడుతుంది. అలాంటి రాత్రులు తక్కువ. తక్కువ కాబట్టే గోడ ఉంది.

2020 అక్టోబరు గుర్తుందా? భూమిలోంచి శబ్దాలు వస్తున్నాయని మన బోరబండ జనం ఇళ్ళలోంచి బయటికి పరుగెత్తారు, ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళు వచ్చి యంత్రాలు పెట్టారు. ఇంజనీరును కాబట్టి నాకు ఒకటే ఫోన్లు, గోడలు పడతాయా అని. ఆ చిన్న కదలికలకు పడవు, వానకు జాగ్రత్తగా ఉండండి అన్నాను. రెండు వారాలు తిరగలేదు, 13వ తేదీ రాత్రి నగరం మునిగింది. బండ్లగూడలో గుట్ట మీది ప్రహరీ గోడ కింది ఇళ్ళ మీద పడి పసిపిల్లలతో సహా ప్రాణాలు పోయాయి. 2024 మే నెలలో బాచుపల్లిలో వాన రాత్రి రిటైనింగ్ వాల్ కూలి ఏడుగురు పోయారు. పొట్ట చేత పట్టుకుని వచ్చిన కూలీలు. వాళ్ళలో నాలుగేళ్ళ పిల్లవాడు. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం నాడు, కొత్తగా కట్టిన గోడ, క్యూలో ఉన్న భక్తుల మీద పడింది. అక్కడా ఏడుగురు. ఒక్కోదాని వెనక కథ వేరు, నేను విచారణ అధికారిని కాను. మూడు చోట్లా గోడ పడిన రాత్రి వాన ఉంది, గోడ కింద మనుషులు ఉన్నారు.

ఇంత దూరం పోవడమెందుకు. మా ఇంటి సంగతి చెబుతాను. ఇది ఇక్కడ చాలామందికి తెలుసు, అయినా ఎవరూ నా ముందు ఎత్తరు.

సైట్-3లో మా ఇల్లు వాలు మీద ఉండేది. కింది వైపు తొమ్మిది అంగుళాల గోడ, మూడడుగుల మట్టి. జాగ చదునైతే ఒక గది వేసి కిరాయికి ఇవ్వొచ్చని నాయిన ఆశ. రెండేళ్ళలో కొంచెం కొంచెంగా మట్టి పోయించి ఐదడుగులు చేశాడు. గోడ లేపాడు. మేస్త్రీని అడగకుండా చేయలేదు. "ఏం కాదన్నా, పాత గోడ గట్టిగుంది" అన్నాడు మేస్త్రీ. ఇద్దరిలో ఎవరూ మోసగాళ్ళు కారు. సిమెంటు కూడా మంచిదే వాడారు. మూడు నుంచి ఐదుకు పోతే వంగుడు దాదాపు పదమూడు రెట్లు అవుతుందని వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు, అంతే. 1985 అక్టోబరులో ఒక రోజు తెల్లవారుజామున గోడ పోయింది. శబ్దం కూడా పెద్దగా రాలేదు, గోతాలు దింపినట్టు వచ్చింది. అవతల కింది ఇంట్లో మా క్లాసు అమ్మాయి నల్లా దగ్గర బిందె పెట్టి నిలబడి ఉంది. తొడ ఎముక విరిగింది. ఆ ఏడు పదో తరగతి పరీక్ష రాయలేకపోయింది. మరుసటి ఏడు మా తర్వాతి బ్యాచ్‌తో రాసింది.

ఆమె ఈ హాల్లోనే ఉంది. ఈ సంగతి చెప్పొచ్చా అని పొద్దున ఫోన్ చేసి అడిగాను. "కాలు సంగతి చెప్పు, నా పేరు చెప్పకు" అంది. నాయిన ఆ తర్వాత బతికినంత కాలం వాళ్ళ ఇంటి ముందు నుంచి పోయేవాడు కాదు, చుట్టు తిరిగి పోయేవాడు. ఆ తర్వాత కట్టించిన ప్రతి గోడా అవసరానికి మించి లావుగా కట్టించాడు. మా ఇంట్లో ఒక అరుగు గోడ ఉంది, కోట గోడలా ఉంటుంది. నవ్వొస్తుంది చూస్తే.

సరే. మన డాబాల మీద నిలబడితే కనబడే టవర్ల సంగతి కూడా చెప్పమని చిన్నవాళ్ళు అడిగారు. అక్కడి గోడల్లోనూ ఇదే కథ, ఇంకో దిక్కు నుంచి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు మనకు పదంతస్తులే వింత. ఇప్పుడు ముప్పై, నలభై. అంత ఎత్తులో మమ్మల్ని భయపెట్టేది నిలువు బరువు కాదు, పక్కనుంచి తోసే గాలి. హైదరాబాదుకు మన కోడ్ సెకనుకు 44 మీటర్ల గాలి వేగాన్ని లెక్కలోకి తీసుకోమంటుంది. ఆ గాలికి భవనం పైకొస ఎత్తులో ఐదువందలో వంతు కంటే ఎక్కువ ఊగకూడదు. వంద మీటర్ల భవనానికి ఇరవై సెంటీమీటర్లు. దాన్ని ఆపేవి లిఫ్టుల చుట్టూ, ఫ్లాట్ల మధ్య ఉండే కాంక్రీటు గోడలు, షియర్ వాల్స్. ఎనిమిది అంగుళాల మందం, ఇరవై అడుగుల పొడవు గోడ తీసుకోండి. పొడవు దిక్కున తోస్తే అది, మందం దిక్కున తోసినప్పటికంటే తొమ్మిది వందల రెట్లు గట్టిగా నిలబడుతుంది. సార్ స్కేలును నిలబెట్టారు కదా, అదే. అందుకే ఎత్తైన భవనాల్లో గోడ మందం రెట్టింపు చేస్తే గట్టితనం రెట్టింపే. పొడవు రెట్టింపు చేస్తే ఎనిమిదింతలు. ఫ్లాటు కొన్నాక హాలు పెద్దది చేద్దామని లోపలి కాంక్రీటు గోడ కోయించేవాళ్ళకు ఈ ముక్క చెప్పండి. అక్కడ కోసేది పొడవు.

ఆకారంతో గోడను గెలిపించినవాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారు. బడి నుంచి జూపార్కు పోయినప్పుడు మీరాలం చెరువు చూశాం. 1806లో పూర్తయిన ఆ కట్ట తిన్నటి గోడ కాదు. వరసగా 21 కమానులు, నీళ్ళ వైపుకు ఉబ్బి ఉంటాయి. నీళ్ళు తోస్తే కమాను రాయి రాయికి ఒత్తుకుంటుంది, లాగుడు పడదు. రాయికి ఏది ఇష్టమో తెలిసినవాళ్ళు కట్టారు. రెండు వందల ఏళ్ళు దాటినా నిలబడింది. అప్పుడు మేము మాత్రం పులిని చూడాలని తొందరపడ్డాం.

ఇంకొక ఉపాయం బేస్‌మెంట్లలో వాడతాం. గోడ పైకొసను స్లాబుతో పట్టి ఉంచితే వంగుడు పద్నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే స్లాబు పడకముందే గోడ వెనక మట్టి నింపుతానంటే సైటులో నేను అరుస్తాను. మెత్తగా ఉంటానని పేరున్న నేను అరిచేది ఆ ఒక్క సందర్భంలోనే. మన గోడకు స్లాబు లేదు, ఆ దారి మనకు లేదు.

మరి ఏం చేద్దాం? గ్రౌండులో నీళ్ళు నిజమే, పిల్లల కష్టం నిజమే. నా మాట ఇది. ఒక ఆరడుగుల గోడ బదులు రెండు మూడడుగుల మెట్లు. ఎత్తు సగమైతే వంగుడు ముప్పై రెండో వంతు అవుతుంది. సందు అంచున ఉన్న పాత గోడ తీసేసి, కింద అడుగు వెడల్పుగా, ఎత్తులో సగానికి తగ్గకుండా ఉండేట్టు రాతి గోడ మూడడుగులు. దాని వెనక కంకర, నీళ్ళు పోవడానికి గజంన్నరకు ఒక పైపు. అక్కడినుంచి ఆరడుగులు లోపలికి వచ్చి రెండో మూడడుగుల రాతి గోడ, దాని వెనకా అంతే. మరీ దగ్గరగా పెడితే పై గోడ బరువు కింది గోడ మీదే పడుతుంది, రెండూ కలిసి ఒక ఆరడుగుల గోడ అవుతాయి. ఆ ఆరడుగుల దూరం తగ్గించడానికి లేదు. పిల్లలు పడకుండా పైన గోడ వద్దు, ఇనుప జాలీ చాలు. జాలీ గాలిని ఆపదు.

దీనివల్ల నష్టం ఉంది. గ్రౌండులో ఆ పొడవునా ఆరడుగుల పట్టీ పోతుంది. కబడ్డీ కోర్టును తిప్పుకోవాలి. పీఈటీ సార్‌తో మాట్లాడాను, ఆయనకు ఇష్టం లేదు, మొహమాటానికి కూడా ఒప్పుకోలేదు. ఖర్చు వచ్చిన చందాలకంటే ఎక్కువే అవుతుంది. జ్ఞాపిక శిలాఫలకానికి పెట్టిన డబ్బు ఇటు మళ్ళించాలని నా కోరిక. ఆ మధ్య మెట్టు మీద పిల్లలు కూర్చుని ఆట చూడొచ్చు. దాతల పేర్లు కావాలంటే అక్కడే రాయించుకోండి, నాకు అభ్యంతరం లేదు. డ్రాయింగు, లెక్క నేను ఉచితంగా ఇస్తాను. సంతకం చేసేముందు మీకు నచ్చిన ఇంకో ఇంజనీరుకు చూపించండి.

మెట్లు వద్దనుకున్నా ఒక్క పని మాత్రం ఈ వానలకు ముందే చేయాలి. గోడ పొడవునా మట్టిని రెండడుగులు కిందికి తీసేసి వాలు చేయాలి. నాలుగు రెండైతే ఎంతవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. దీనికి పెద్ద ఖర్చు లేదు, ఒక జేసీబీ, రెండు రోజులు. జేసీబీని గోడకు దూరంగా నిలబెట్టాలి, దాని బరువు కూడా గోడనే తోస్తుంది. పని జరిగినన్ని రోజులు సందు మూయాలి. సందులో కూరగాయల బండి పెట్టే అమ్మకు ఆ రోజుల కూలి సంఘం ఇవ్వాలి. ఆమె బండి సరిగ్గా గోడ ఎక్కువ ఒరిగిన చోటే ఉంటుంది.

నమ్మకం లేనివాళ్ళు రేపు పొద్దున ఏడింటికి రండి. దారం, గుండు, టేపు నా దగ్గర ఉంటాయి. మీ చేతులతోనే కొలవండి, నేను పక్కన నిలబడి రాసుకుంటాను. సందు వైపు నుంచి రాకండి. బడి గేటులోంచి, గ్రౌండు మీదుగా రండి.